రెండేండ్లుగా ఆకులే ఆకులు, అమరిల్లిస్ గడ్డలు ఎందుకు పూస్తలేవు?

హన్మకొండ మేడతోట, ఏప్రిల్ 9

అందరికి నమస్తే. మాది హన్మకొండ. మేడ మీద ఓ 40 కుండీలున్నయి. మల్లె, కనకాంబరం, నాలుగు టమాట చెట్లు, ఓ మూలకు పుదీన. అన్నీ మంచిగనే వస్తయి, ఒక్క అమరిల్లిస్ తప్ప, అదే గడ్డ నుంచి పెద్ద లిల్లీ పువ్వులు పూసేది.

మూడేండ్ల కింద హైదరాబాద్‌ల ఒక నర్సరీ మేళాకు పోయినప్పుడు 6 గడ్డలు తెచ్చుకున్న, ఒక్కోటి 120 రూపాయలు. ఎర్రవి రెండు, తెలుపు మీద ఎర్ర చారలవి రెండు, గులాబి రంగువి రెండు అని అమ్మినాయన కవర్ల మీద స్కెచ్ పెన్నుతోని రాసిచ్చిండు. గులాబివి కొంచెం చిన్నగడ్డలు, ఫర్వాలేదు పెరుగుతయి అన్నడు. మొదటి ఏడు ఎర్రవి, చారలవి నాలుగూ పూసినయి. పువ్వంటే మామూలు పువ్వా, ఒక్కోటి అన్నం తినే గిన్నె అంత. ఇంటికొచ్చినోళ్లందరినీ మేడ ఎక్కించి చూపిచ్చిన. గులాబివి మాత్రం అప్పుడూ పూయలే.

ఆ తర్వాత రెండేండ్ల నుంచి ఒక్క పూల కాడ లేదు. ఆకులు మాత్రం మొక్కజొన్న చేను లెక్క లేస్తయి. 14 అంగుళాల టబ్బుల రెండేసి గడ్డలు పెట్టిన. సగం మట్టి, సగం పశువుల ఎరువు. రోజూ నీళ్లు, వారానికోసారి బియ్యం కడిగిన నీళ్లు, నెలకో చెంచ యూరియ. ఇంకేం తక్కువైంది చెప్పుండ్రి.

అసలు బాధ వేరే ఉన్నది. పక్కింటి పెద్దమ్మ పిట్టగోడ మీద ఓ పగిలిన పెయింట్ డబ్బ ఉంటది, అందుల ఎప్పటిదో ఎర్ర లిల్లీ. ఆమె దానికి నీళ్లు పోసుడు నేనెన్నడు చూడలే. మొన్న పొద్దున లేచి చూస్తే మూడు కాడలు, 11 పువ్వులు! మా అత్తమ్మ రోజూ చాయ్ తాగుకుంట అటు చూస్తది, తర్వాత నా టబ్బుల దిక్కు చూస్తది. ఏమనదు. అంటే బాగుండు.

బకెట్ తోట, ఏప్రిల్ 9

మీ జవాబు పెయింట్ డబ్బాలోనే ఉందండీ. ముందు ఆ యూరియా డబ్బా కిందికి దించేయండి.

గోదారి గట్టు, ఏప్రిల్ 9

అమ్మా, మాది కడియపులంక పక్కన. మా నాన్నగారి నాటి నుంచీ గడ్డల మొక్కల పనే. తొందరపడి ఏదో చెప్పేముందు మూడు సంగతులు కనుక్కోవాలి. గడ్డ మెడ మట్టి పైకి కనబడుతోందా, మొత్తం పూడ్చేశారా? టబ్బులున్న చోట ఎండ ఎంతసేపు పడుతుంది? పూత అయ్యాక ఆకుల్ని ఏం చేశారు? ఈ మూడోది దాచకుండా చెప్పండి.

హన్మకొండ మేడతోట, ఏప్రిల్ 10

మెడ కనబడదన్నా. పసుపు కొమ్ము పెట్టినట్టు నాలుగు ఇంచుల లోపలికి పెట్టిన, గాలికి పడిపోవద్దని. టబ్బులు నీళ్ల ట్యాంకు పక్కన ఉంటయి, పొద్దున తొమ్మిది దాక ఎండ, తర్వాత నీడ.

ఆకులంటరా... పువ్వులు వాడంగనే ఆకులు పక్కకు పడి నడిచే తొవ్వకు అడ్డమొస్తున్నయని కత్తెరతోని మొదలుకంట కోసేసిన. పువ్వులు రాకున్నా ఆ తర్వాత కూడ ప్రతి ఏడు కోసిన. పోయినేడు రెండుసార్లు. ఉల్లాకు లెక్క మళ్లొస్తయి గద అనుకున్న. వచ్చినయి కూడ.

గోదారి గట్టు, ఏప్రిల్ 10

ఆయ్, ఇప్పుడర్థమైందండి. మిగతావి చిల్లర తప్పులు. అసలు దొంగ ఆ కత్తెర.

ఉల్లాకుతో పోల్చుకోకండి. ఉల్లాకు మనం తినడానికి కోస్తాం. ఈ గడ్డకి ఆకే వంటిల్లు. పోయిన ఏడాది నా దగ్గర ఒక గడ్డ కుళ్లు పట్టింది. ఎంతవరకు ఎక్కిందో చూద్దామని కొడవలితో నిలువునా కోశాను. ఒక పక్క చెక్కుచెదరలేదు. మధ్యలో నాలుగు ఆకుల మొదళ్లు, వాటిని ఆనుకుని బల్లపరుపుగా నొక్కినట్టున్న కాడ మొలక. ఇంకా లోపలికెళ్తే మళ్లీ నాలుగాకుల మొదళ్లు, మళ్లీ ఒక మొలక. ఆ రెండోది బియ్యపు గింజంత ఉంది, పాలలాగ తెల్లగా. దీని వరసే అదండి: నాలుగాకులు, ఒక కాడ, నాలుగాకులు, ఒక కాడ. ఇవాళ పైకి తల ఎత్తిన కాడ లోపల పుట్టి సుమారు ఏడాది అయి ఉంటుంది. ఆ ఏడాది పొడుగునా దాన్ని మేపేది ఆకులే.

మీరు పూత అవ్వగానే ఆకు కోసేస్తే గడ్డ ఏం చేస్తుంది? దాచుకున్నదంతా ఖర్చుపెట్టి కొత్తాకు తీస్తుంది. మీకేమో పచ్చగా కనబడుతుంది, బాగానే ఉందనుకుంటారు. లోపలున్న మొలక మాత్రం తిండి లేక పొరల మధ్యే ఎండి కాగితంలా అట్టకట్టుకుపోతుంది. పైగా యూరియా వేశారు, నీడలో పెట్టారు. ఆకు తప్ప ఇంకేం రాదు.

ఒక టబ్బు తవ్వి గడ్డ సైజు చెప్పండి. నిమ్మకాయంత ఉంటే ఒక మాట, కమలాపండంత ఉంటే ఇంకో మాట.

పూలరేడు, ఏప్రిల్ 11

అంత కష్టం ఎందుకండీ? గడ్డలు పీకి, కడిగి, ఆరు వారాలు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టి మళ్లీ నాటండి. ఒక వీడియోలో చూశాను, గ్యారంటీగా పూస్తాయట.

చలిదేశం చెల్లెలు, ఏప్రిల్ 11

దయచేసి ఆ పని చేయొద్దు అక్కా. నేను న్యూజెర్సీలో ఉంటాను, ఇక్కడ ఏటా ఈ తతంగం నడుస్తుంది కాబట్టి చెప్తున్నా. మాకు మంచు పడుతుంది, గడ్డ బయట బతకదు. అందుకని సెప్టెంబర్ చివరికి కుండీలు లోపలికి తెచ్చి, నీళ్లు ఆపి, బేస్‌మెంట్‌లో చీకట్లో 8 నుంచి 10 వారాలు పెడతాం. అక్కడ 10 నుంచి 13 డిగ్రీలుంటుంది. మళ్లీ వెలుతురులోకి తెచ్చి నీళ్లు పోస్తే ఇంకో 6 నుంచి 8 వారాలకు పూలు. ఫ్రిజ్‌లో ఉండేది 4 డిగ్రీలు, ఈ జాతికి అది మరీ చలి. పైగా ఆ అరలో యాపిల్స్, అరటిపళ్లు ఉంటాయి కదా, పండే కాయలు వదిలే ఎథిలీన్ వాయువుకి లోపలి మొగ్గ మాడిపోతుంది.

ఇంకో భయం కూడా ఉంది. మేం వచ్చిన కొత్తలో నేనూ ఫ్రిజ్‌లోనే పెట్టాను. మా అమ్మ ఇండియా నుంచి వచ్చిన మూడో రోజు పులుసులోకి ఉల్లిపాయ అనుకుని ఒకటి తీసి, తొక్క ఒలిచి, సగానికి కోసింది. కళ్లు మండలేదేంటి అని అనుమానం వచ్చి నన్ను పిలిచింది కాబట్టి సరిపోయింది. ఇందులో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులు, విరేచనాలు. గడ్డలోనే ఎక్కువ. కుక్క, పిల్లి ఉన్న ఇళ్లలో కూడా జాగ్రత్త.

క్రిస్మస్‌కి ఇక్కడ మైనం పూత పూసిన గడ్డలు అమ్ముతారు, నీళ్లు కూడా అక్కర్లేదంటారు. చాలావాటికి అడుగున వేర్లు వచ్చే చోటు కోసేసి ఉంటుంది. ఒక్కసారి పూసి పోతాయి. ఎవరైనా బంధువులు సూట్‌కేసులో తెస్తామంటే వద్దనండి.

పాత పాఠాల మాస్టారు, ఏప్రిల్ 12

పేరు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి గుంటూరు నుంచి ఒక ముసలి బాటనీ లెక్చరర్ ఎత్తుతున్నాడు. మీ అందరి దగ్గరా ఉన్నది నిజానికి అమరిల్లిస్ కాదు, హిప్పియాస్ట్రమ్. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అసలు అమరిల్లిస్ బెల్లడోనా దక్షిణాఫ్రికా మొక్క. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో పెట్టిన పేరు వీటిలో దేనికి చెందాలని చాలా ఏళ్లు కొట్టుకుని, 1987లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో ఆఫ్రికా మొక్కకే ఖాయం చేశారు. అప్పటికి బజారంతా దీన్ని అమరిల్లిస్ అనేసింది, ఎవరు మారుస్తారు? తేడా తెలుసుకోవాలంటే పూల కాడ కోసి చూడండి, మీది గొట్టంలా బోలుగా ఉంటుంది, దానిది గట్టిగా నిండుగా ఉంటుంది.

మొదటి సంకరం చేసింది కూడా శాస్త్రవేత్త కాదు. ఆర్థర్ జాన్సన్ అని ఇంగ్లండులో గడియారాలు చేసే ఆయన, 1799లో. ఆ మొక్కకి ఆయన పేరే ఉంది.

హన్మకొండ మేడతోట, ఏప్రిల్ 13

మాస్టారుగారు, నా మొక్క పేరే తప్పయితే నా బాధ కూడ తప్పేనేమో!

ఇయ్యాల పొద్దున ఆరింటికి తవ్వుడు మొదలుపెట్టిన. టబ్బు బోర్లిస్తే మట్టి కేకు లెక్క ఒక్క ముద్దగ దిగింది. మీద తడి, కింద బురద, బెందడి వాసన. 6 పెట్టిన కాడ 23 వచ్చినయి! పెద్దగడ్డల సుట్టు ఎల్లిపాయలంత పిల్లలు అతుక్కొని ఉన్నయి. పెద్దయి ఐదే. ఒకటి బొటనవేలు పెట్టంగనే మెత్తగ లోపలికి పోయింది, పారేసిన. మిగిలినయి నిమ్మకాయకు ఎక్కువ, కమలకు తక్కువ. తెచ్చిననాడు నా పిడికిట్ల పట్టకపోతుండె, ఇప్పుడు పడుతున్నయి.

ఇంకోటి, మెడలు కోడిమెడ లెక్క జానెడు సాగినయి, తెల్లగ. రెండింటి పొరల మీద ఎర్రటి మచ్చలున్నయి, కుంకుమ రాసినట్టు. జిగురు అంటి మణికట్టు కాడ ఒకటే దురద. అత్తమ్మ కొబ్బరినూనె రాసింది. "ఇన్ని పిల్లల్ని పెట్టుకొని పువ్వు ఎక్కడికెళ్లి పూస్తది" అన్నది. మూడేండ్లల్ల ఈ మొక్క గురించి ఆమె అన్న మొదటి మాట ఇదే.

గోదారి గట్టు, ఏప్రిల్ 13

మీ అత్తగారు ఒక్క ముక్కలో చెప్పేశారు. తల్లి బలమంతా పిల్లలకి పోయింది.

ఆ సాగిన మెడ లోతుకి గుర్తు. వెలుతురు కోసం పైకి పాకింది. ఎర్ర మచ్చలు బూజు తెగులు, గడ్డ తడిలో నానితే వస్తుంది. మచ్చలున్న పై పొరలు ఒలిచెయ్యండి, సాఫ్ అనే బూజు మందు పొడి లీటరు నీళ్లకి రెండు గ్రాములు కలిపి అరగంట ముంచి, నీడలో మూడు రోజులు ఆరబెట్టండి. వేర్లు కోయకండి, లావాటి తెల్లవేర్లు ఏటా పనికొస్తాయి. చేతికి కవర్ తొడుక్కోండి, అది దురద జిగురే.

కుండీ చిన్నది చాలు. గడ్డ చుట్టూ రెండు వేళ్ల ఖాళీ, అంతే. మీ సైజుకి 6 అంగుళాల మట్టికుండీ, అడుగున చిల్లు పెద్దదిగా ఉన్నది. పెద్దమ్మగారి డబ్బా పగిలిందన్నారే, నీళ్లు అందులోంచి కారిపోతున్నాయి కాబట్టే అది బతికింది. ఎర్రమట్టి రెండు పాళ్లు, దొడ్డు ఇసుక ఒక పాలు, బాగా మాగిన వర్మీకంపోస్ట్ ఒక పాలు, గుప్పెడు వేపపిండి. పచ్చి పేడ వద్దు. గడ్డలో కింది రెండు వంతులు మట్టిలో, పై వంతు బయట. భుజాలు కనబడాలి, గోదాట్లో స్నానానికి దిగిన మనిషిలాగ.

నాటాక ఒక్కసారి నీళ్లు పోసి, ఆకు బొటనవేలంత వచ్చేదాకా పొడిపొడిగా ఉంచండి. నాటిన వెంటనే తడి మీద తడి పెట్టే చాలామంది కుళ్లబెట్టుకుంటారు. తర్వాత పొద్దున ఐదారు గంటల ఎండ తగిలే చోట పెట్టండి. మీ వైపు మే నెల మధ్యాహ్నం ఎండ మాత్రం తగలనివ్వకండి, ఆకు మాడుతుంది. వానాకాలమంతా పదిహేను రోజులకోసారి బూడిద, ఎముకల పొడి చిటికెడు. యూరియా పేరెత్తొద్దు. ఒక్కో గడ్డకి ఎనిమిది ఆకులు కనబడితే రెండు కాడలకి ఆశ పెట్టుకోవచ్చు.

ఈ ఏడు పూత అడక్కండి.

హన్మకొండ మేడతోట, జూలై 22

అన్నా, ఆగమైంది. నిన్న రాత్రి వాన పడ్డది. పొద్దున చూస్తే రెండు కుండీల ఆకులు సగం లేవు. నల్లటి గొంగళిపురుగులు, వాటి మీద తెల్ల సుక్కలు, ఎర్ర మచ్చలు. ముట్టుకుంటే రింగు లెక్క ముడుచుకుంటున్నయి. ఒక ఆకుల రంధ్రం చేసి లోపలికి కూడ దూరినయి. మందు ఏం కొట్టాలె?

గోదారి గట్టు, జూలై 22

అది లిల్లీ పురుగు, వానలు మొదలవగానే దిగుతుంది. లిల్లీ జాతివి, అడవినాభి తీగ, ఇలాంటివే దాని తిండి. నాలుగు కుండీలకి మందెందుకండి? చీకటి పడ్డాక టార్చ్‌లైట్ పట్టుకెళ్లి ఏరి సబ్బునీళ్ల మగ్గులో వేసెయ్యండి. ఆకు వెనక గుడ్లు గుంపుగా ఉంటాయి, ఆ ముక్క చింపెయ్యండి. మూడు రాత్రులు వరసగా చూడండి. పురుగు మట్టిలో దిగి గూడు కడుతుంది కాబట్టి పైమట్టి వేలితో కదపండి. తరవాత వారానికోసారి వేపనూనె. తిన్న ఆకుని తీసెయ్యాలని మాత్రం చూడకండి, మిగిలిన ముక్క కూడా పనిచేస్తుంది.

హన్మకొండ మేడతోట, జూలై 25

మొదటి రాత్రి 31, రెండో రాత్రి 9, నిన్న 2. లెక్క అత్తమ్మ పెట్టింది, టార్చ్ కూడ ఆమెనే పట్టింది. కత్తెర ముట్టలే.

హన్మకొండ మేడతోట, నవంబర్ 16

నాలుగు గడ్డలకు వరుసగ 7, 6, 9, 5 ఆకులున్నయి. కార్తీకం సగమైంది, చలి మొదలైంది. నీళ్లు ఎప్పుడు ఆపాలె? ఆకులు పచ్చగనే ఉన్నయి, పాపమనిపిస్తంది.

గోదారి గట్టు, నవంబర్ 16

ఇప్పుడే. ఒక్కసారిగా కాకుండా వారానికోసారి, పదిరోజులకోసారి అని తగ్గించుకుంటూ డిసెంబర్ మొదటికి పూర్తిగా ఆపండి. ఆకు దానంతటది పండితే పండనివ్వండి. ఎండిందే లాగండి, చేతికి ఊడి రావాలి. మా గోదావరి తడిలో ఆకులు చావవు, పచ్చగానే నిద్రపోతాయి. మీ చలికి, పొడికి సగం రాలొచ్చు. కుండీలు వాన తగలని చోట గోడవార పెట్టి జనవరి ఆఖరు దాకా మర్చిపోండి.

ఫిబ్రవరి మొదటివారం ఒక్క గ్లాసు నీళ్లు. తరవాత మెడ దగ్గర చూస్తుండండి. మొదట వచ్చేది ఆకా కాడా అని ఖంగారు పడతారు. ఆకు కొన గుండ్రంగా నాలుకలా ఉంటుంది. కాడ కొన రామచిలుక ముక్కులాగ ఉబ్బి, గడ్డ మధ్యలోంచి కాక ఒక పక్కనుంచి వస్తుంది.

హన్మకొండ మేడతోట, మార్చి 14

రామచిలుక ముక్కు! ఫిబ్రవరి 19నాడు చూసిన, ఎవరికీ చెప్పలే, దిష్టి తగులుతదని. 9 ఆకుల గడ్డకు రెండు కాడలు, 7 ఆకుల దానికి ఒకటి. మిగిలిన రెండింటికి ఆకులే వస్తున్నయి, రానియ్యి. రోజుకింత పెరిగింది కాడ, వెలుగు దిక్కు వంగుతుంటే కుండీని పూటకోసారి తిప్పిన.

మొన్న విచ్చుకున్నయి. చారలవి మంచిగ తెల్లగ, ఎర్ర చారలతోని. 9 ఆకులది "గులాబి" అని రాసిచ్చిన గడ్డ, తెచ్చినంక ఇదే మొదటిసారి పూసింది. నారింజ కలిసిన ఎరుపు, గొంతుల లేత పచ్చ సుక్క. అచ్చం పెద్దమ్మ డబ్బలదే! 120 రూపాయలు పెట్టి నేను తెచ్చుకున్నది, పిట్టగోడ అవతల ఊరికెనే దొరికేది. పెద్దమ్మను పిలిచి చూపిస్తే ఆమె ముక్కు మీద వేలేసుకొని "ఇది మా అమ్మగారింట్ల బాయికాడ పెరిగేది బిడ్డా, అడిగితే నేనియ్యకపోదునా" అన్నది.

మాస్టారుగారు, దీని అసలు పేరేంది?

పాత పాఠాల మాస్టారు, మార్చి 14

వర్ణన చూస్తే హిప్పియాస్ట్రమ్ పునిసియమ్ అనిపిస్తోంది. బార్బడోస్ లిల్లీ అంటారు. మన పాత ఇళ్ల పెరళ్లలో ఎప్పుడో స్థిరపడిపోయింది. సంకరాలకన్నా గడ్డ చిన్నది, మొండిది, పిల్లల్ని విపరీతంగా పెడుతుంది. మీ 23లో సగానికి పైగా దీనివే అయి ఉంటాయి.

హన్మకొండ మేడతోట, మార్చి 15

ఒక్క సందేహం మిగిలింది. చారల దానికి పువ్వు రాలిన కాడ కాయ ఉబ్బుతున్నది. ఉంచాల్నా, కొయ్యాల్నా?

గోదారి గట్టు, మార్చి 15

గడ్డ బలంగా ఉండాలంటే కాయ తీసెయ్యండి. కాడ పచ్చగా ఉన్నన్నాళ్లు ఉంచి, పసుపు తిరిగాక మొదట్లో కోయండి. సరదా ఉంటే ఒక్క కాయ ఉంచుకోండి. నెల దాటాక ఎండి మూడు చీలికలుగా విచ్చుతుంది, లోపల నల్లటి గింజలు కాగితం ముక్కల్లా దొంతరగా ఉంటాయి. ఆరకముందే తడి ఇసుక మీద చల్లితే రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. పూత మాత్రం మూడు నాలుగేళ్లు పడుతుంది. తల్లిలాగే పూస్తాయని హామీ లేదు, సంకరం కదా.

హన్మకొండ మేడతోట, మార్చి 15

ఒకటి ఉంచిన. కాడ కొయ్యనీకె కత్తెర కోసం ఇల్లంత వెతికిన, దొరకలే. అత్తమ్మనడిగితే ఏప్రిల్ల దాచిందట, బియ్యం డబ్బల ఉన్నది. ఎన్ని కాడలు కోస్తవో చెప్పు, అప్పుడిస్త అన్నది.